తోడు వచ్చినవారు

తుమ్మలపెంట దారిలో
బకింగ్‌హాం కాలువ దాటగానే
వెనక సీట్లో మిరియం లేచి నిలబడింది.
పధ్నాలుగేళ్ల కుక్క.
ఒక కన్ను పాలగాజు, చెవులు ఇష్టమైనప్పుడే వింటాయి.
ముక్కు మాత్రం
నాకంటే రెండు మైళ్ల ముందే ఉప్పును చదివింది.

కావలిలో రెండు లాడ్జీలు
దాన్ని చూసి తల అడ్డంగా ఊపాయి.
మూడోది నన్ను రమ్మని, దాన్ని కారులోనే పడుకోబెట్టమంది.
టీకొట్టు అతను సిగరెట్ పెట్టె చింపి
వెనక రాసిచ్చాడు:
వాయల కావేరమ్మ, సరుగుడు తోపు అవతల, నీలం తలుపు.

రెండు గదులు, ఒక పంచ.
తలుపుకు మిగిలిన నీలంతోనే
గోడ మీద రాసిన చట్టం:
కుక్కకు అద్దె లేదు.
కుక్క మంచం ఎక్కవచ్చును.
మనుషులు కాళ్లు కడుక్కొని ఎక్కవలెను.

"కుక్కలంటే అంత ప్రేమా కావేరమ్మా?"
పొలుసు గీకే కత్తి ఆగలేదు.
"ప్రేమా పాడా!
ముందు కుర్రోళ్లకి ఇచ్చేదాన్ని.
తాగి సీసాలు పగలగొట్టి పొయ్యేవోళ్లు,
ఆ పెంకులు మా పిలకాయల కాళ్లల్లో.
కుక్కుండే వోళ్లు పెందలాడే లేస్తారు,
కింద చూసి నడస్తారు.
అంతే లెక్క."

సాయంత్రం మిరియం
ఆరబెట్టిన నెత్తళ్ల పట్టా మీద
వీపు ఆనించి, నాలుగు కాళ్లూ ఆకాశానికెత్తి దొర్లింది.
జరిమానా నలభై రూపాయలు.
కట్టాను. అంత సంతోషం అంత చవకగా
నాకెక్కడా దొరకలేదు.

రాత్రి, రొయ్యల చెరువుల మోటార్లు ఒక పక్క,
సముద్రం ఒక పక్క.
వంటింట్లో దీపం కింద కావేరమ్మ
ఉప్పూ కారం వెయ్యకుండా ఉడికించిన చేప తలల్లోంచి
ఒక్కో ముల్లూ తీస్తూ కూర్చుంది,
ప్రేమా పాడా అన్న మనిషి.

నిద్ర పట్టక ఆమె రిజిస్టరు తిరగేశాను.
బడిలో హాజరుపట్టీ, ఎవరి బడిదో.
మొదటి గడిలో కుక్క పేరు, రెండో గడిలో ఊరు,
మూడో గడి పైన: తోడు వచ్చినవారు.

సుల్తాను, ఒంగోలు. భార్యాభర్తలు, మాట్లాడుకోరు.
లడ్డు, గూడూరు. ముగ్గురు, ఒకరికి వాంతులు.
పేరింకా పెట్టలేదు, బిట్రగుంట. రైల్వే గార్డు.
మరుసటేడు,
సిగ్నల్, బిట్రగుంట. రైల్వే గార్డు.
సిగ్నల్, బిట్రగుంట. రైల్వే గార్డు, రిటైరు.
సిగ్నల్. సిగ్నల్.
పోయిన మాఘమాసంలో, అదే గుండ్రటి చేతిరాత:
సిగ్నల్ రాలేదు. తోడు వచ్చినవారు, ఒక్కరు.

తెల్లారి అడిగాను.
"మూడు దినాలుండినాడు.
అద్దె తగ్గించమన్లా, నేను తగ్గించలా.
గిన్నెలో నీళ్లు మాత్రం పొద్దనా మాపనా మారస్తానే ఉండినా.
ఎందుకో నన్ను అడగబాక."

తడి ఇసకలో మిరియం
ఎండ్రకాయ బొక్క తవ్వుతోంది,
ముసలి గోళ్లతో, మొత్తం శ్రద్ధతో.
ఎండ్రకాయ వెనక బొక్కలోంచి పైకొచ్చి
తన ఇంటిని ఎవరు తవ్వుతున్నారో
నిలబడి చూసింది.
దూరంగా ఫైబర్ పడవ ఒకటి అలను ఎక్కి, దిగి, ఎక్కి.
నీళ్లు వచ్చి గుంట పూడ్చేశాయి.
మిరియం సముద్రాన్ని ఒక్కసారి తిట్టి
పక్కన ఇంకో గుంట మొదలెట్టింది.

వెళ్లేముందు రాశాను:
మిరియం, పొదలకూరు.
మూడో గడిలో నా పేరు సగం రాస్తే
"నీది అక్కర్లా, ఒకరు అని రాయి చాలు" అంది.

కారు కదిలాక వెనక నుంచి కేక:
"తువ్వాలు మర్చిపొయినావు!"
ఉండనీ, మళ్లీ వస్తాం, అన్నాను.
ఆ బహువచనాన్ని
కాలువ వంతెన దాకా
పగలకుండా పట్టుకుపోయాను.

వెనక సీట్లో మిరియం ఒళ్లు దులుపుకుంది.
ఇసక. చాలా ఇసక.